ముందు నడిచినవాడు

రాతి మీద మట్టె చప్పుడు.

చిన్నది. వెండిది. ఒక అడుగుకీ ఇంకో అడుగుకీ మధ్య కాస్త ఆగి మళ్ళీ వినిపించేది... కొండెక్కే మనిషికి వీపు వెనకాల వినిపించే చప్పుడు.

పెళ్ళయిన కొత్తలో అమ్మిరాజుకి భార్య అంటే ఆ చప్పుడే. మొహం తెలియడానికి చాలాకాలం పట్టింది. ఉమ్మడి ఇల్లు. పగలంతా పొలం. పెద్దవాళ్ళ ముందు పెళ్ళాం కేసి చూస్తే తప్పు, చూడకపోతే ఒప్పు. ఆమె వంటింట్లో, అతను వీధరుగు మీద.

కాని ఏడాదికొక్క రోజు ఉంది. మాఘమాసంలో, కుప్పలు నూర్చడం అయిపోయాక వచ్చే ఆదివారం. ఆ రోజు ఇద్దరూ కొండకి నడిచేవారు.

అతను ముందు. ఆమె వెనక.

ఆ దారేమీ ఘనమైన దారి కాదు. కడియం అనే ఊరికి కాస్త ఎగువన, ఊరి చివరింట్లో చద్దన్నం తిని బయలుదేరితే, ఎండ ముదిరేసరికి కొండ మీద ఉండొచ్చు. ముసలమ్మలు నడిచిన దారి. చంకన పిల్లల్నెత్తుకుని తల్లులు నడిచిన దారి. ముందు పొలాలు, తరవాత అడవి, ఆ తరవాత కొండ. అంతే.

పొలాల్లో గట్టు సన్నం. ఇద్దరు పక్కపక్కన పట్టరు. కోసిన వరి మోళ్ళ మధ్య మినుము పచ్చగా పాకి ఉండేది. రాత్రంతా మంచు తాగిన మట్టి మెత్తగా కాలిని పట్టుకునేది. అక్కడ మట్టె మాట్లాడదు.

కాలవ దాటితే నేల రంగు మారుతుంది. నల్లమట్టి అయిపోయి ఎర్రమట్టి మొదలు. అక్కడి నుంచి మెట్ట, మెట్ట మీద అడవి. అడవంటే పులులున్న అడవి కాదు, నక్కలకే విసుగుపుట్టి ఊళ్ళోకొచ్చే అడవి. మద్దిచెట్లు, బిల్లుడుచెట్లు, మోదుగచెట్లు. మాఘంలో చీలమండల దాకా ఎండాకు. అక్కడా మట్టె వినిపించదు. ఆకుల గలగలే వినిపిస్తుంది, అది అతని కాళ్ళ కిందిదో, ఆమె కాళ్ళ కిందిదో తెలియదు.

తరవాత కొండ. మన్యంవాళ్ళు చూస్తే నవ్విపోతారు. పల్లపువాళ్ళకి పుట్ట కన్నా ఎత్తైనదల్లా కొండే. నున్నటి ఎర్రబండలు మెట్లుమెట్లుగా పైకి పోతాయి. సగం దూరంలో దారి మీదికి వాలిన పెద్ద రాయి ఒకటి. పైన రేలచెట్టు కింద కొండమ్మ తల్లి గుడి. అదీ గుడంటే గుడి, నాలుగు రాళ్ళూ ఓ గుమ్మమూ.

రాతి మీదికి రాగానే —

టిక్... టిక్...

అమ్మిరాజు గుండె అప్పుడు కుదుటపడేది. వచ్చింది. వెనకాలే ఉంది. తిరిగి చూడక్కర్లేదు.

తిరిగి చూడకూడదు కూడా.

అది ఆ ఇంటి ఆచారం. పంటలో తొలి కంకులు ఏరి కుచ్చు అల్లుతారు. ఆ కుచ్చు నెత్తిన పెట్టుకున్నవాడు, దాన్ని కొండమ్మ గుమ్మానికి కట్టేదాకా వెనక్కి తిరగకూడదు. తిరిగితే ఇంటికొచ్చిన పంటలక్ష్మి తనూ తిరిగిపోతుందట. వెనక వచ్చేవాళ్ళు నోరెత్తి పిలవకూడదు. పిలిస్తే మోసేవాడి ప్రాణానికే కీడట. ఎవరు పెట్టారో తెలియదు. ఎవరికి ఏం జరిగిందో అంతకన్నా తెలియదు. తెలియనివాటికే మనుషులు ఎక్కువ భయపడతారు.

కుచ్చు అల్లేది ఆమె. మోసేది అతను.

ఆమె పేరు చిన్నమ్మాయి. వరసగా ఆడపిల్లలు పుట్టి పుట్టి, ఈమె పుట్టేసరికి పేరు వెతికే ఓపిక ఎవరికీ లేకపోయింది. చిన్నమ్మాయి అన్నారు, అదే ఉండిపోయింది. జుట్టు నెరిసినా చిన్నమ్మాయే. భర్త పేరు ఆమె నోట రాదు, అది లోకంలో ఉన్నదే. కాని ఆమె పేరూ అతని నోట రాలేదు. "ఏమే" అనేవాడు. ఆ ఒక్క ముక్కతో కాపురం గడిచిపోయింది.

*

పెళ్ళయిన మొదటి ఏడు ఆమె పిలిచింది.

గోదావరి లంకల్లో పుట్టి పెరిగిన పిల్ల. ఇసకా, నీళ్ళూ, అరటితోటలూ తప్ప ఏమీ చూడలేదు. అడవిలోకి అడుగుపెట్టాక ఒక మలుపులో మోదుగచెట్టు కనిపించింది. ఆకు ఒక్కటి లేదు. చెట్టంతా పువ్వు. ఎర్రగా, నిలువెల్లా...

"ఇదిగోండి... ఇటు చూడండి," అంది.

అమ్మిరాజు తిరిగాడు.

చెట్టు చూశాడు. చెట్టు కింద ఆమె మొహం చూశాడు. పట్టపగలు, ఎవరూ అడ్డం లేకుండా, పెళ్ళాం మొహం చూడడం అతనికి అదే మొదటిసారి. ముక్కు మీద చెమట. కళ్ళనిండా ఆ ఎరుపు. తనొక్కతే చూస్తే చాలదని, అతనూ చూడాలని పిలిచిన మొహం.

ఒక్క క్షణం. అంతలో నెత్తిన కుచ్చు గుర్తొచ్చింది.

ఇంటికి వెనక్కి వచ్చారు. కాళ్ళు కడుక్కున్నారు, కూర్చున్నారు, మంచినీళ్ళు తాగారు, మర్నాడు మళ్ళీ బయలుదేరారు. చేయాల్సినవన్నీ చేశారు. అయినా ఆ వేసవిలో గాలికుంటు రోగం వచ్చి దాపటెద్దు చచ్చిపోయింది. ఊళ్ళో చాలా ఎడ్లు చచ్చిపోయాయి. కాని ఆ ఇంట్లో ఎద్దు మాత్రం చిన్నమ్మాయి పిలిచినందుకు చచ్చిపోయింది. అత్తగారు అలాగే అన్నారు. అమ్మిరాజు అక్క రత్తమ్మ, మొగుడు పోయి పుట్టింటికి చేరిన మనిషి, అలాగే అంది.

అమ్మిరాజు కూడా అన్నాడు. "ఇంకెప్పుడూ వెనక నుంచి నోరెత్తకు."

ఆమె ఎత్తలేదు.

*

ఏళ్ళు నడిచాయి. అతను ముందు, ఆమె వెనక.

అమ్మిరాజుకి తన నడక అంటే గర్వం. "ముందు నడిచేవాడికే పాము, ముందు నడిచేవాడికే ముల్లు," అనేవాడు అరుగు మీద నలుగురిలో. అబద్ధం కాదు. గట్టు మీద తుమ్మముల్లు కనిపిస్తే కాలితో పక్కకి తోసేవాడు. అడవిలో కొమ్మ అడ్డొస్తే వంచి, ఆమె దాటేదాకా అనుకుని కాసేపు పట్టుకునేవాడు. తిరిగి చూడడు గనక ఆమె దాటిందో లేదో తెలియదు. ఒక్కోసారి తొందరపడి వదిలేసేవాడు కూడానేమో. ఎన్నిసార్లు ఆ కొమ్మ ఆమె మొహానికి కొట్టిందో ఆమె చెప్పలేదు.

అతనికి మాత్రం అది ప్రేమే. ఆమె కోసమే ముందు నడుస్తున్నాననుకున్నాడు. అనుకుంటూనే ముసలివాడయ్యాడు.

ఇద్దరు కూతుళ్ళు పుట్టారు, పెరిగారు, అత్తారిళ్ళకి వెళ్ళిపోయారు. అత్తగారు పోయారు. ఆమె కాళ్ళు సన్నబడ్డాయి, వేళ్ళకి మట్టెలు వదులయ్యాయి. దారం చుట్టుకుని బిగించుకునేది. ఆ సంగతీ అతనికి తెలియదు. వెనకాల ఉన్న కాళ్ళు కదా.

కాలవ మీద వంతెన కట్టిన ఏడు, మాఘమాసం, ఆదివారం...

పొలాలు దాటాడు. వంతెన దాటాడు. అడవి దాటాడు. ఆకులు గలగలమంటూనే ఉన్నాయి.

రాతి మీదికి వచ్చాడు.

చప్పుడు లేదు.

వెనకబడిందేమో అనుకున్నాడు. నాలుగడుగులు వేసి చెవి ఒగ్గాడు. లేదు. పొయ్యిలోకి ఎండుపుల్లలు ఏరుతోందేమో అనుకున్నాడు. ఇంకొంచెం ఎక్కాడు. దారి మీదికి వాలిన రాయి దగ్గర నిలబడిపోయాడు.

అక్కడ అతనికి తెలిసిపోయింది. ఆమె వెనకాల లేదు.

ముల్లు గుచ్చుకుందో. కళ్ళు తిరిగాయో. పురుగేదైనా ముట్టిందో... తెలుసుకోవాలంటే మెడ తిప్పితే చాలు. ఒక్కసారి. నెత్తిన కుచ్చు ఉంది. కుచ్చులో గింజలు గాలికి సన్నగా కదులుతున్నాయి. దాపటెద్దు గుర్తొచ్చింది. ఆ ఏడు చూడి మీద ఉన్న ఆవు గుర్తొచ్చింది.

చాలాసేపు నిలబడ్డాడు.

తరవాత పైకి నడిచాడు.

కుచ్చు కట్టాడు. కొబ్బరికాయ కొట్టాడు. అప్పుడు తిరిగి చూశాడు. కింద అడవి, అవతల కాలవ, ఇంకా అవతల ఆకాశం అంచున గోదావరి. ఎంత దూరం కావాలంటే అంత దూరం కనిపించింది. దారి మీద మనిషి లేదు.

పరుగున దిగాడు. అడవంతా చూశాడు. వంతెన దాటాడు. పొలాల మధ్య, ఒంటితాడిచెట్టు నీడలో, గట్టు మీద ఆమె కూర్చుని ఉంది.

మోచేతుల దాకా బురద. జుట్టులో బురద. చీర కుచ్చెళ్ళ నిండా బురద. పొద్దుటి నుంచి పొలంలో మట్టి పిసికి పిసికి వెతికిన చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉంది. ఎడమకాలి వేలు బోసిగా ఉంది.

మట్టె పోయింది.

ముత్తయిదువ కాలి నుంచి మట్టె జారిపోతే ఎవరి ప్రాణానికి కీడో వేరే చెప్పక్కర్లేదు. ఆమె మొహంలో ఉన్న భయమంతా అతని కోసమే. దారంతా అమ్మిరాజు కూడా భయపడుతూనే వచ్చాడు. ఆమెకేమైందోనని. మనిషి కనిపించింది. భయం పోయి దాని చోట్లో కోపం వచ్చి కూర్చుంది. కొందరు మగవాళ్ళకి అంతే.

ఆ బోసివేలు చూసి అన్నాడు. "నన్ను చంపుదామనుకున్నావా?"

ఆమె తలెత్తింది. పెదవులు కదిలాయి. లేచి, చీర దులుపుకుని, ఇంటి వైపు నడిచింది.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. కాలి నుంచి జారిన వెండికి మర్నాడే కంసాలి వీరబ్రహ్మం కొత్త జత చేసిచ్చాడు. నోటి నుంచి జారినదాన్ని చెయ్యడానికి ఏ కంసాలీ లేడు.

ఆ రోజు అన్నం తింటూ, మెత్తబడ్డాక, అమ్మిరాజు అడిగాడు. ఒక్క కేక వెయ్యొచ్చుగా అన్నాడు.

"వెయ్యొద్దన్నారుగా," అంది.

గొంతులో కోపం లేదు. మజ్జిగ పోసింది.

*

మరుసటి ఏడు కుచ్చు అంతకు ముందెన్నడూ లేనంత అందంగా అల్లింది. గింజ గింజా ఒదిగి, తోకలు సమంగా... అతని నెత్తిన పెట్టింది. గుమ్మం దగ్గర ఆగిపోయింది.

పద అన్నాడు.

"మీరు వెళ్ళి రండి," అంది.

అంతే. ఆ పై ఏడూ అంతే. ఆ పై ఏడూ.

ఇంకే విషయంలోనూ కాదనలేదు. వండింది, వడ్డించింది, అతనికి జ్వరమొస్తే రాత్రంతా కూర్చుంది. నవ్వేది కూడా. రత్తమ్మతో, పక్కింటివాళ్ళతో, అతనితోనూ. అతని వెనక నడవడం ఒక్కటే మానేసింది. అదేమిటని అడగడానికి అతనికి నోరు రాలేదు. అడిగితే ఆ మాట మళ్ళీ బయటికొస్తుంది. నేనన్నది తప్పు అనాలి. గట్టు మీద అనలేదు, ఇంట్లో అనలేదు, ఇప్పుడెక్కడని అనాలో తెలియలేదు. రేపందాం అనుకునేవాడు. రేపు ఎప్పుడూ రేపే.

ఒక్కడూ నడిచేవాడు.

ఒంటితాడి దగ్గరికి రాగానే గట్టు దిగేవాడు. నెత్తిన కుచ్చు ఉండగానే, తల వంచకుండా, కాలి వేళ్ళతో బురదలో తడిమేవాడు. నత్తగుల్లలు తగిలేవి. పగిలిన పెంకు తగిలేది. ఒకసారి గాజుముక్క కోసుకుని రక్తం కారింది. మట్టె తగల్లేదు. దొరికితే ఏం చెయ్యాలో అనుకునేవాడు. ఆమె చేతిలో పెట్టాలి. పెట్టి... ఆ తరవాత మాట ఎప్పుడూ తట్టేది కాదు.

రత్తమ్మ వేళాకోళం చేసేది. మా తమ్ముడు ఏటా కొండకని వెళ్ళి మోకాళ్ళదాకా బురదతో వస్తాడు, కొండ మీద బురదెక్కడుందో వాడికే తెలియాలి అనేది. చిన్నమ్మాయి చెంబుతో నీళ్ళు తెచ్చి అతని కాళ్ళ మీద పోసేది. బురద పోయేదాకా పోసేది. ఆమెకి తెలుసో తెలియదో, అతనికి తెలియదు.

అడవిలో మోదుగలు పూసేవి, రాలేవి. రాతి మీద అతని కాళ్ళు ఏ చప్పుడూ చెయ్యకుండా ఎక్కేవి. వాలిన రాయి దగ్గర ఏటా ఆగేవాడు. చెవి ఒగ్గేవాడు. మెడ తిప్పితే ఏం పోయేది, అనుకునేవాడు. ఎద్దు పోయేదా. పోతే పోనీ. ఎన్ని ఎడ్లు పోలేదు...

కాలవకీ అడవికీ మధ్య రైలు కట్ట వేశారు. పొగ వదులుతూ రైలు వచ్చింది. రాజమండ్రి పోయేవాళ్ళు నడక మానేశారు. గట్టు దారిలో గడ్డి పెరిగింది. అమ్మిరాజు మాత్రం ఆ గడ్డి తొక్కుకుంటూ ఏటా వెళ్ళాడు.

*

ఈ ఏడు అతని కళ్ళకి పొర కమ్మింది.

దగ్గరివి కనిపిస్తున్నాయి. దూరానివి పాలల్లో కలిసినట్టున్నాయి. చిన్నమ్మాయి అరుగు మీద కూర్చుని కుచ్చు ముగించి, చివర ముడి వేస్తోంది. ఆ ముడి చూస్తూ అన్నాడు. ఎన్నాళ్ళ నుంచి లోపల నానుతోందో ఆ మాట.

"ఈ ఏడు నువ్వెత్తుకో. నేను వెనకాల వస్తాను."

ఆడదాని నెత్తిన కుచ్చేమిటి, ఎక్కడన్నా విన్నామా అంది రత్తమ్మ. కళ్ళు కనబడ్డం లేదక్కా అన్నాడు. కళ్ళ సంగతి నిజమే. కాని సగమే నిజం. మిగతా సగం ఏమిటో చిన్నమ్మాయికి తెలియాలని అతని ఆశ. చెప్పకుండానే తెలియాలని. ఎంత వయసొచ్చినా ఆ బుద్ధి పోలేదు.

ఆమె కుచ్చు చివరి ముడి బిగించింది. తరవాత లేచింది. పాతగుడ్డ చుట్టకుదురు చేసి నెత్తిన పెట్టుకుంది. దాని మీద కుచ్చు.

గుమ్మం దాటి, తిరగకుండానే అంది.

"వెనక నుంచి పిలవకండి."

వేళాకోళమో, దెప్పడమో. మొహం చూస్తే తెలిసేది. మొహం అటు ఉంది.

నడిచారు. ఆమె ముందు. అతను వెనక.

వెనక నడవడం అమ్మిరాజుకి కొత్త. గట్టు మీద ఎప్పుడూ కొంగలు లేచిపోవడమే చూశాడు. ఇప్పుడు కొంగలు లేచిపోయిన ఖాళీ గట్టే కనిపిస్తోంది. ముందున్న మనిషి మొహం లేదు. వీపు, మెడ మీద నెరిసిన ముడి, మడమలు. మడమల నిండా పగుళ్ళు. ఇన్నాళ్ళూ ఆమె చూసింది ఇదేనా... నా వీపు, నా మడమలు. ఆ పగుళ్ళ మీద నుంచి చూపు తియ్యకుండా, ఆమె అడుగులో అడుగేస్తూ నడిచాడు.

ఒంటితాడికి చాలా ముందు గట్టుకి గండి ఉంది. నీళ్ళు పొలంలోంచి పొలంలోకి పారే చోటు. ఎండాకాలం దాకా బురదే. అక్కడ అందరూ ఓ కాలు బురదలో వేసి దాటతారు.

చిన్నమ్మాయి అక్కడ ఆగింది. ఒక్క ఊపిరి సేపు. ఎడమకాలి వేళ్ళు లోపలికి ముడుచుకున్నాయి. పిడికిలి మూసినట్టు ముడుచుకున్నాయి. తరవాత చీర కాస్త ఎత్తి పట్టుకుని, ఆ బురదలో అడుగు పెట్టకుండా, అంత ముసలికాలూ చాచి అవతలికి దాటేసింది. వెళ్ళిపోయింది.

అమ్మిరాజు అక్కడే నిలబడ్డాడు.

ఇక్కడా...

ఇక్కడ జారిందా. ఒంటితాడి దగ్గర కాదా. అక్కడ నీడ ఉందని వెళ్ళి కూర్చుందా. అంతేనా. ఏటా రక్తాలు కార్చుకుంటూ వెతికినదంతా వేరే మట్టి. ఆమె ఎక్కడ ఆగిపోయిందో కూడా తనకి తెలియదు. తిరిగి చూసినవాడికి కదా తెలిసేది.

గండిలోకి దిగాడు. వంగి, రెండు చేతులూ మోచేతుల దాకా పెట్టాడు. గట్టిగా ఏదో తగిలింది. తీశాడు. నత్తగుల్ల. మళ్ళీ పెట్టాడు.

"ఏంటండీ వెతుకుతున్నారు?"

మినుము చేలో కలుపు తీస్తున్న లోవమ్మ. ఆ పొలాల్లోనే పుట్టి, ఆ పొలాల్లోనే పండిపోయిన మనిషి. అతను బురద తడుముతూనే ఉన్నాడు. ఆమే చెప్పింది.

"అమ్మగారి మట్టె కోసమాండి? ఆ రోజు నేనిక్కడే ఉన్నానండి. మిమ్మల్ని పిలుద్దామని నోరు తెరిచారండి. తెరిచి, చీర చెంగు నోట్లో కుక్కేసుకున్నారు. మీరు వంతెన దిగిపోయేదాకా తియ్యలేదండి."

"ఎప్పుడూ చెప్పలేదే?"

"మీరిక్కడెప్పుడాగారండి," అంది లోవమ్మ. మళ్ళీ కలుపులోకి వంగింది.

అమ్మిరాజు చేతులు బురదలోనే ఉండిపోయాయి. నన్ను చంపుదామనుకున్నావా, అన్నాడు తను. ఎవరితో అన్నాడు. ఆ మాట ఇప్పుడతని చెవిలో మోగింది, ఎవరో తనని అన్నట్టుగా. బురదచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. పొరకి తోడు మట్టి.

తలెత్తి చూసేసరికి గట్టు ఖాళీగా ఉంది.

వెనక ఉన్నవాడికి ముందున్న మనిషి ఎంత తొందరగా మాయమవుతుందో... పిలుద్దామని నోరు తెరిచాడు.

నెత్తిన కుచ్చు ఉంది ఆమెకి. మోసేవాళ్ళ ప్రాణానికి కీడు.

నోరు మూసుకున్నాడు. ఇంత కష్టమని అతనికి తెలియదు. పళ్ళు నొక్కిపట్టి గండిలోంచి లేచి, గట్టు పట్టుకుని నడిచాడు. ఒంటితాడి దాటాడు. వంతెన దాటాడు. రైలు కట్ట ఎక్కి దిగాడు. ముందు పాలరంగు వెలుతురు తప్ప ఏమీ లేదు.

అడవి. ఎండాకు. ఒక్కరి అడుగుల గలగల. నిలబడితే అదీ ఆగిపోతోంది.

మలుపులో ఎర్రగా ఏదో అలుముకుని ఉంది. పువ్వులు విడివిడిగా కనబడ్డం లేదు. ఎరుపు మాత్రం తెలుస్తోంది. ఇదిగో, ఇటు చూడు... అనాలనిపించింది. గొంతు దాకా వచ్చింది. ఎవరితో అంటాడు. చెట్టు కింద ఓ పువ్వు తడిమి ఏరుకున్నాడు. బురద పిడికిట్లో పెట్టుకున్నాడు. అదే చేతిలో నత్తగుల్ల ఇంకా ఉంది.

రాతి దగ్గరికి వచ్చాడు. కాళ్ళు ఇంక మొరాయించాయి. మొదటి బండ మీద చతికిలబడ్డాడు. ఊపిరి బిగబట్టి చెవి ఒగ్గాడు.

టిక్... టిక్...

పైన. చాలా పైన. సన్నగా. ఎన్నేళ్ళయిందో ఆ చప్పుడు ఆ రాతి మీద విని. ఏడుపొచ్చింది.

అప్పుడు తట్టింది. తను వెనక ఉన్నాడో లేడో ఆమెకెలా తెలుస్తుంది? మగవాడి కాలికి మట్టెలుండవు. బురదలో, ఆకుల్లో, రాతి మీద, వినడానికి ఆమెకి ఏమీ లేదు. వెనకాల ఉన్నాననే అనుకుంటోందేమో. లేనని తెలిసీ నడుస్తోందేమో.

టిక్... టిక్... టిక్...

ఆగింది.

వాలిన రాయి దగ్గరే ఆగి ఉంటుంది. అక్కడే ఎవరైనా ఆగుతారు. అమ్మిరాజు కళ్ళు చికిలించి పైకి చూశాడు. ఎర్రబండలు, తెల్లటి వెలుతురు, అంతే. మనిషి లేదు, కుచ్చు లేదు. అటు తిరిగిన వీపో, ఇటు తిరిగిన మొహమో లేదు. గాలి కూడా లేదు.

తిరగకే, అనుకున్నాడు. పంట పోతుంది.

తిరుగు, అనుకున్నాడు. పోతే పోనీ.

"చిన్నమ్మాయ్," అన్నాడు.

పిలుపు కాదు అది. పెదవులు దాటలేదు. ఆ పేరు నోట్లో ఎలా ఉంటుందో చూసుకున్నాడు. ఇంత చిన్న పేరు. ఇన్నాళ్ళూ అనకుండా ఎందుకుండిపోయాడో తెలియలేదు. పిడికిలి విప్పి చూసుకున్నాడు. బురద, ఓ నత్తగుల్ల, నలిగిన మోదుగపువ్వు.

చాలాసేపు ఏమీ లేదు.

తరవాత రాతి మీద మట్టె చప్పుడు.

చిన్నది. వెండిది. ఒక అడుగుకీ ఇంకో అడుగుకీ మధ్య కాస్త ఆగి...

పైకి పోతోందో, కిందికి వస్తోందో... ముసలి చెవికి అందలేదు.